పాత కారు ముందు సస్పెన్షన్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాలలో అయిదింటిని ఇక్కడ ఎంచుకున్నాం. అయిదూ పాత కార్ల ముందు సస్పెన్షన్‌ను, అంటే చక్రాలను కారుకు పట్టి ఉంచి గతుకుల ఊపును తట్టుకునే భాగాలను, విప్పి మళ్లీ కట్టడం గురించినవే. ఖర్చు తగ్గాలన్న కోరిక కూడా అన్నింటిలోనూ ఉంది. మొదటి ఉత్తరానికి జవాబు ఎక్కువ చోటు తీసుకుంది, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలకు కావలసిన పునాది అందులోనే ఉంది.

ప్రశ్న: నా దగ్గర 1967లో తయారైన ఎం.జి.బి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. గతుకుల మీద ముందు భాగం నుంచి చప్పుడు వస్తోంది, వేగం పెరిగితే కారు తిన్నగా సాగకుండా పక్కలకు లాగుతోంది, ఎడమ ముందు టైరు లోపలి అంచు తొందరగా అరిగిపోతోంది. పైగా నిలిపి ఉంచినప్పుడు కారు ఎడమ వైపుకు కొద్దిగా ఒరిగినట్టు కనిపిస్తోంది. ముందు సస్పెన్షన్‌కు పూర్తి విడిభాగాల సెట్టు కొని అన్నీ మార్చేయమని మిత్రులు అంటున్నారు. నేను పెట్టగలిగిన డబ్బు అందులో సగానికి కూడా రాదు. వేటిని తప్పక మార్చాలి, వేటిని ఉంచుకోవచ్చు?

సమాధానం: సెట్టు కొనే ముందు ఒక పూట పరీక్షకు కేటాయించండి. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే లోపం వల్ల రావచ్చు, వేర్వేరు లోపాల వల్లనూ రావచ్చు. ఏది ఎంత అరిగిందో చూడకుండా అన్నీ మార్చేవారు చాలాసార్లు బాగా ఉన్న అసలు భాగాన్ని తీసి పారేసి, అంతకంటే నాసిరకం భాగాన్ని దాని చోట బిగించుకుంటారు. మీ కారుకు విడిభాగాలు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి, అయితే అన్నీ ఒకే నాణ్యతతో రావు.

చదునైన నేల మీద కారును నిలిపి, వెనుక చక్రాలకు రెండు పక్కలా అడ్డు చెక్కలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తి ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు ఉంచండి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు కిందకు చేయి కూడా చాపకూడదు. చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆట, అంటే వదులు, కనిపిస్తే, మరొకరిని బ్రేకు పెడల్ నొక్కి పట్టుకోమని చెప్పి మళ్లీ ఊపండి. బ్రేకు నొక్కగానే ఆట మాయమైతే అది హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) బేరింగులది. అప్పటికీ మిగిలితే కింగ్‌పిన్నుది (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం దేని మీద తిరుగుతుందో ఆ నిలువు పిన్ను), లేదా దాని పైనా కిందా ఉన్న కీళ్లది. ఆ తరువాత 9, 3 అంకెల చోట పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్లలోనూ (స్టీరింగును చక్రాలకు కలిపే కడ్డీల చివరి కీళ్లు) స్టీరింగు ర్యాక్‌లోనూ ఉన్న వదులు తెలుస్తుంది. చక్రం వేలాడుతున్నప్పుడు స్ప్రింగు ఒత్తిడి కొన్ని కీళ్లను ఒక పక్కకు నొక్కిపెట్టి వాటి ఆటను దాచేస్తుంది కాబట్టి, స్ప్రింగు పళ్లెం కింద మరో జాకీ పెట్టి స్ప్రింగు కొంచెం నలిగేంత వరకు ఎత్తి, ఇదే పరీక్షను రెండోసారి చేయండి. చివరగా, కింది ఆర్మ్ (చక్రాన్ని కారుకు కలిపే చేయి) క్రాస్ మెంబర్‌కు (ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలానికి) కలిసే చోట పొడవాటి ఇనుప కడ్డీతో నెమ్మదిగా మీటి చూడండి. అక్కడ లోహం లోహానికి తగిలిన శబ్దం వస్తే లోపలి రబ్బరు బుష్ (కీలులో కూర్చునే రబ్బరు గొట్టం) అయిపోయినట్టే.

ఇక ఈ కారుకు ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి. ఎం.జి.బి.కి విడిగా పై ఆర్మ్ అంటూ లేదు. లీవర్ రకం షాక్ అబ్సార్బర్ చేతులే పై ఆర్మ్‌గా పనిచేస్తాయి. అంటే ఆ షాక్ అబ్సార్బర్ రెండు బాధ్యతలు మోస్తోంది: ఊపును అణచడం ఒకటి, చక్రం పైభాగాన్ని సరైన చోట నిలపడం రెండోది. దాని శాఫ్టు కూర్చునే రంధ్రం అరిగితే కారు బరువు చక్రం పైభాగాన్ని లోపలికి నెడుతుంది, టైరు లోపలి అంచు అరగడం మొదలవుతుంది. మీ ఎడమ టైరు విషయంలో నేను మొట్టమొదట అనుమానించేది ఆ శాఫ్టునూ, దాని చేతుల చివర ఉన్న రబ్బరు బుష్‌లనూ. టైర్లు ముందు వైపు విచ్చుకుని ఉన్నా లోపలి అంచులు అరుగుతాయి గాని, అప్పుడు సాధారణంగా రెండు వైపులా అరుగుదల కనిపిస్తుంది. షాక్ అబ్సార్బర్‌లో నూనె తగ్గి ఉంటే మూత విప్పి దానికి తగిన డ్యాంపర్ నూనె పోసి, చేతిని నిదానంగా పైకీ కిందికీ ఆడిస్తూ గాలి బయటికి పోనివ్వండి. బ్రేకు ఫ్లూయిడ్ పోయవద్దు. చేయి ప్రయాణం పొడవునా ఒకే బిగువు ఉండాలి, మధ్యలో ఎక్కడా ఒక్కసారిగా తేలిక కాకూడదు. శాఫ్టే వదులైతే మాత్రం నూనె పోయడం వల్ల ఫలితం ఉండదు, పోసినదంతా అదే దారిన కారిపోతుంది. అప్పుడు బాగు చేసిన షాక్ అబ్సార్బర్ కొనక తప్పదు. మీ డబ్బులో పెద్ద భాగం ఇక్కడికే పోవచ్చు. అది సరైన ఖర్చే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. చక్రాన్ని కారుకు పట్టి ఉంచే అరిగే భాగాల దగ్గర, అంటే కింగ్‌పిన్నులు, వాటి కింది కీలు బోల్టు, బుష్‌లు, టై రాడ్ ఎండ్లు, హబ్ బేరింగులు, బ్రేకు హోసుల దగ్గర పొదుపు చేయవద్దు. అరిగినదని తేలితే మార్చండి, మార్చేది నమ్మకమైన రకమే కావాలి. పొదుపు అంతా అరగని భాగాల దగ్గర, మీ చేతి శ్రమ దగ్గర దొరుకుతుంది. కింది ఆర్మ్‌లు, స్ప్రింగు పళ్లెం, క్రాస్ మెంబర్, స్టబ్ యాక్సిల్ (హబ్ తిరిగే పొట్టి ఇరుసు) సాధారణంగా అరగవు. అవి తుప్పు పడతాయి, వంగుతాయి, అరుదుగా పగులుతాయి. వాటిని విప్పి, గ్రీజూ మట్టీ గోకి, తీగ బ్రష్షుతో లోహం కనిపించేదాకా శుభ్రం చేయడానికి కావలసింది సమయమే. ఇదే పనిని డబ్బిచ్చి చేయించుకుంటే ఖర్చులో గణనీయమైన వాటా దీనికే పోతుంది. శుభ్రం చేశాక బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయేమో వెర్నియర్ కొలబద్దతో కొలవండి. వంపులు తిరిగే మూలల్లో, వెల్డింగు అంచుల్లో పగుళ్లను వెలికితీసే రంగు ద్రావకం పూసి చూడండి. పగిలిన ఆర్మ్‌ను వెల్డింగు చేసి వాడాలన్న ఆలోచన రానివ్వకండి. వాడిన భాగమే అయినా నిటారుగా, పగులు లేకుండా ఉన్న మరొకదాన్ని తెచ్చుకోండి.

స్ప్రింగుల గురించి ఒక అపోహ చాలాకాలంగా నడుస్తోంది. పాతబడిన స్ప్రింగు మెత్తబడిందని అంటారు. స్ప్రింగు బిగువు దాని తీగ మందం, చుట్టు వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య, ఉక్కు స్వభావం మీద ఆధారపడుతుంది. తుప్పు తీగను తినేయనంత వరకు ఇవేవీ వయసుతో మారవు. మారేది పొడవు. ఏళ్ల తరబడి బరువు మోసిన స్ప్రింగు కొంచెం కుంగి అలాగే నిలిచిపోతుంది, అందువల్ల కారు కిందికి దిగుతుంది. కాబట్టి రెండు స్ప్రింగులనూ బయటికి తీసి పక్కపక్కన నిలబెట్టి పొడవు కొలవండి. రెండూ సమానంగా ఉండి, తుప్పు గుంటలు లేక, కారు ఎత్తు ఉండవలసినంత ఉంటే అవే స్ప్రింగులను తిరిగి వాడండి. మార్చాల్సి వస్తే జంటగానే మార్చండి.

కారు ఎడమకు ఒరగడానికి కారణం ముందు భాగంలోనే ఉందని అనుకోవద్దు. మీ కారు వెనుక పట్టీ స్ప్రింగులు ఉన్నాయి, వాటిలో ఒకటి కుంగినా ముందు భాగం ఒరిగినట్టే కనిపిస్తుంది. దీన్ని తేల్చడానికి వెనుక ఇరుసు మధ్యలో ఒక్క జాకీ పెట్టి వెనుక చక్రాలు నేల వదిలేలా ఎత్తి, ముందు భాగాన్ని రెండు మూడు సార్లు ఊపి వదలండి. అప్పుడు ఇరుసు ఆ ఒక్క బిందువు మీద తక్కెడలా ఆడుతుంది కాబట్టి వెనుక స్ప్రింగులు కారును ఏ పక్కకూ వంచలేవు. ఆ స్థితిలో ముందు రెండు ఫెండర్ల ఎత్తు సమానమైతే లోపం వెనుక ఉంది. ముందు స్ప్రింగుల ఖర్చును ఈ ఒక్క పరీక్ష తప్పించవచ్చు. ఇది జరుగుతున్నంతసేపు కారు కిందకు ఎవరూ వెళ్లకూడదు.

కింగ్‌పిన్ను విషయంలో మాత్రం ఇంట్లో పని ఒక హద్దు దాటదు. కొత్త బుష్‌లను స్వివెల్ యాక్సిల్‌లోకి (కింగ్‌పిన్ను మీద తిరిగే, స్టబ్ యాక్సిల్ ఉన్న భాగంలోకి) దింపాక వాటిని పిన్ను కొలతకు రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు చెక్కే పనిముట్టుతో) సాపు చేయాలి, పైనా కిందా ఉన్న బుష్‌లు ఒకే సరళరేఖలో ఉండేలా పొడవైన రీమర్ ఒకేసారి రెండింటిలోంచి సాగాలి. పొట్టి రీమర్‌తో విడివిడిగా చేస్తే పిన్ను బిగుసుకుని స్టీరింగు బరువెక్కుతుంది, లేదా కొద్ది రోజులకే వదులవుతుంది. ఆ పనిముట్టు కొనడం కంటే, భాగాలను విప్పి శుభ్రం చేసి మీరే లేతు పనివారి దగ్గరకు తీసుకువెళ్లడం చవక. విప్పే కష్టం మీది, కొలత పని వారిది. కింది కీలు బోల్టు తన గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయి ఉండడం ఈ కార్లలో సర్వసాధారణం. వారం ముందు నుంచే రోజూ చొచ్చుకుపోయే నూనె పోస్తూ ఉండండి, అప్పటికీ కదలకపోతే రంపంతో కోయడానికి సిద్ధపడి, కొత్త బోల్టు ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి.

హబ్ విప్పేటప్పుడు రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం, దానితో సన్నటి షిమ్‌లు (కొలత సరిచేసే పలుచని రేకు ఉంగరాలు) కనిపిస్తాయి. ఎవరో ఎప్పుడో అవి అనవసరమనుకుని తీసేసిన కార్లు చాలా ఉన్నాయి. ఆ గొట్టం ఉండబట్టే నట్టును గట్టిగా బిగించగలుగుతాం, స్టబ్ యాక్సిల్‌కు అదనపు దృఢత్వం వస్తుంది; షిమ్‌లతో హబ్ ఆట 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్యకు తెచ్చుకోవాలి. మీ కారులో అవి లేకపోతే తప్పక సమకూర్చుకోండి. విప్పిన ప్రతిచోటా స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా అడ్డుకునే చీలిక పిన్ను) కొత్తదే వేయండి.

చివరగా, రెండు వైపులనూ ఒకేసారి విప్పవద్దు. ఒక వైపు పూర్తిగా కట్టేవరకు రెండో వైపు మీకు నమూనాగా నిలబడుతుంది. వాషరు ఏ పక్కన ఉండేదో, చేయి ఏ ముఖం ముందుకు ఉండేదో గుర్తు రానప్పుడు ఏ పుస్తకంలోని బొమ్మ కంటే అదే బాగా చెబుతుంది.

ప్రశ్న: ముందు కాయిల్ స్ప్రింగులను ఇంట్లో సురక్షితంగా తీయవచ్చా? స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు) లేకుండా జాకీతోనే తీసే పద్ధతి ఒకటి ఉందని విన్నాను. మా కారు ఇంజను ప్రస్తుతం బయట ఉంది.

సమాధానం: మీ ఉత్తరంలోని చివరి వాక్యం రాసి మంచి పని చేశారు, జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. జాకీ పద్ధతిలో ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగు పళ్లెం కింద జాకీతో ఎత్తి స్ప్రింగును నొక్కిపట్టి, పై కీలును విప్పి, జాకీని మెల్లగా దించుతూ స్ప్రింగును విడిచిపెడతారు. ఇక్కడ స్ప్రింగును కిందికి నొక్కిపట్టేది కారు బరువే. ఇంజను లేని కారు ముందు భాగం తేలికగా ఉంటుంది కాబట్టి జాకీ స్ప్రింగును నలిపే బదులు కారునే స్టాండ్ల మీది నుంచి లేపేస్తుంది. మీరు ఈ పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టండి.

ఎంత శక్తితో ఆడుతున్నామో ఒకసారి లెక్క వేసి చూద్దాం. చాలా కార్లలో స్ప్రింగు కింది ఆర్మ్‌కు దాదాపు మధ్యలో కూర్చుంటుంది. అందువల్ల చక్రం మోసే బరువుకు సుమారు రెట్టింపు బలం స్ప్రింగు మీద పడుతుంది. మిల్లీమీటరుకు 50 న్యూటన్ల బిగువు గల స్ప్రింగును 100 మిల్లీమీటర్లు నలిపితే అది 5,000 న్యూటన్లతో ఎదురు నెడుతుంది, అందులో 250 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. ఇది 25 కిలోల బరువు ఒక మీటరు ఎత్తు నుంచి పడినప్పటి శక్తితో సమానం. అదంతా ఒక్క క్షణంలో ఒకే దిక్కుకు విడుదలవుతుంది.

స్ప్రింగు పళ్లెం ఆర్మ్‌లకు నాలుగు బోల్టులతో బిగించి ఉండే కార్లకు చవకైన, నెమ్మదైన మార్గం ఒకటి ఉంది. కింది ఆర్మ్‌కు జాకీ ఆధారం ఇచ్చి, ఎదురెదురు మూలల్లోని రెండు బోల్టులను తీసి వాటి చోట అదే మందం గల, గట్టి ఉక్కుతో చేసిన పొడవాటి మరకడ్డీలను (పొడవునా మరలున్న కడ్డీలను) నట్లతో బిగించండి. ఆ తరువాత మిగిలిన రెండు బోల్టులు తీసేసి, కడ్డీల నట్లను ఒకదాని తరువాత ఒకటి కొద్ది కొద్దిగా వదులు చేస్తూ పోతే పళ్లెం సమంగా దిగుతుంది, స్ప్రింగు తన పూర్తి పొడవుకు వచ్చి బిగువు కోల్పోతుంది. స్ప్రింగు విడిచే పొడవు కంటే కడ్డీ ఇంకా పొడవుగా ఉండాలి. చివరికి వచ్చాక నట్టు ఊడితే ఇంత జాగ్రత్తా వృథా. మరలకు గ్రీజు రాయండి, మెత్తటి ఉక్కుతో చేసిన మామూలు కడ్డీలను వాడవద్దు. స్ప్రింగులోంచి ఒక గొలుసును దూర్చి క్రాస్ మెంబర్‌కు చుట్టి ఉంచడం నా అలవాటు. ఇంతవరకు ఆ గొలుసుతో పని పడలేదు, అయినా అది లేకుండా నేను ఈ పని చేయను.

మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ ఒకే నిలువు భాగంగా ఉండే ఏర్పాటు) ఉన్న కార్లలో పరిస్థితి వేరు. అక్కడ స్ప్రింగును కంప్రెసర్‌తో పూర్తిగా నొక్కి, పై పళ్లెం మీద ఒత్తిడి పోయిందని చేత్తో తిప్పి చూసుకునే వరకు మధ్య నట్టును తాకకూడదు. కంప్రెసర్ కొనే స్తోమత లేకపోతే అద్దెకు తెచ్చుకోండి, లేదా స్ట్రట్‌ను విప్పి తీసుకువెళ్లి ఆ ఒక్క పనీ చేయించుకోండి.

ప్రశ్న: ఆరు నెలల క్రితం ఆర్మ్‌లకు కొత్త రబ్బరు బుష్‌లు వేశాను. అప్పుడే చీలిపోయాయి. రబ్బరు మానేసి పాలీయురేథేన్ (ఒక గట్టి ప్లాస్టిక్) వేయమంటున్నారు. అది నిజంగా మేలైనదా?

సమాధానం: మీ బుష్‌లు చీలడానికి రబ్బరు నాసిరకం కావడం ఒక కారణం కావచ్చు, కాని అంతకంటే ముందు ఒక ప్రశ్న అడగాలి: బోల్టులను కారు గాలిలో ఉండగా బిగించారా, నేల మీద ఉండగా బిగించారా? లోపలి ఉక్కు గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరును అతికించి చేసిన బుష్ తిరగదు, మెలి పడుతుంది. లోపలి గొట్టం బోల్టుతో కదలకుండా బిగుసుకుంటుంది, ఆర్మ్ పైకీ కిందికీ ఆడినంత మేరా రబ్బరే మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థితి అవుతుంది. కారు నేల మీదికి దిగి ఆర్మ్ 20 డిగ్రీలు పైకి లేస్తే, ఇక ఆ రబ్బరు కారు నిలిచి ఉన్నప్పుడు కూడా 20 డిగ్రీల మెలికతోనే బతుకుతుంది. గతుకు తగిలిన ప్రతిసారీ దాని మీద మరింత మెలిక పడుతుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఇలాగే బిగించి, ఒక్క వర్షాకాలం గడిచేసరికి నాలుగు బుష్‌లనూ పోగొట్టుకున్నాను. బోల్టులను వేళ్లతో వదులుగా బిగించి, కారును దించి, ముందు భాగాన్ని ఊపి, నాలుగడుగులు ముందుకూ వెనక్కూ తోసి, బరువంతా చక్రాల మీద ఉండగా చివరి బిగింపు చేయాలి. కిందకు చేయి అందకపోతే చక్రాలను సమాన ఎత్తు గల గట్టి దిమ్మల మీదికి ఎక్కించండి.

పాలీయురేథేన్ బుష్ తన గొట్టం మీద తిరుగుతుంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు. ఆర్మ్ స్థానం కూడా మరింత కచ్చితంగా నిలుస్తుంది. బదులుగా రోడ్డు చప్పుడు, అదురు కొంత ఎక్కువగా లోపలికి వస్తాయి, తయారీదారు చెప్పిన ప్రత్యేక గ్రీజు రాయకపోతే కీచుమంటుంది. రోజువారీ ప్రయాణానికి మంచి రబ్బరే నాకు ఇష్టం. ఎం.జి.బి. కింది ఆర్మ్‌కు ఉక్కు గొట్టంతో వచ్చే, అదే కారు వీ8 (ఎనిమిది సిలిండర్ల) మోడల్ రబ్బరు బుష్‌లను వేసుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. మామూలు రబ్బరు కంటే ఎక్కువ కాలం ఉంటాయి, పాలీయురేథేన్ అంత కఠినంగా ఉండవు.

ఇంకో హెచ్చరిక. దశాబ్దాల కిందట తయారై, పెట్టె కూడా విప్పని అసలు కంపెనీ భాగాలు దొరికితే మురిసిపోతాం. బేరింగు, పిన్ను, బోల్టు అయితే సంతోషంగా తీసుకోండి. రబ్బరు అయితే వద్దు, అది అరలో ఉన్నా గాలికీ వేడికీ గట్టిపడుతూనే ఉంటుంది. బుష్ దింపేటప్పుడు మామూలు గ్రీజూ ఇంజను నూనే రాయకండి, సహజ రబ్బరు వాటిలో ఉబ్బి మెత్తబడుతుంది; సబ్బు నీళ్లు చాలు. ప్రెస్సు లేకపోయినా ఒక మరకడ్డీ, రెండు మందపాటి వాషర్లు, బుష్ అంచుకు సరిపోయే గొట్టం ముక్క ఉంటే నట్టు తిప్పుతూ బుష్‌ను లోపలికి లాగవచ్చు.

ప్రశ్న: నాది ట్రయంఫ్ హెరాల్డ్ కారు. ముందు చక్రాల కింది ట్రనియన్లకు గ్రీజు కొట్టాలా, నూనె పోయాలా? ఇద్దరు మెకానిక్కులు రెండు రకాలుగా చెప్పారు.

సమాధానం: నూనె. గేరు పెట్టెలకు వాడే ఈపీ 90 రకం చిక్కటి నూనెను ట్రనియన్‌లోకి ఎక్కించాలి. 1959లో వచ్చిన హెరాల్డ్‌లోనూ దాని నుంచి పుట్టిన స్పిట్‌ఫైర్‌లోనూ చక్రాన్ని పట్టి ఉంచే నిలువు కడ్డీ కింది చివర మరలు ఉంటాయి, ఆ మరలు కంచు ట్రనియన్‌లో తిరుగుతూ స్టీరింగుకు కీలుగా పనిచేస్తాయి. గ్రీజు ఆ సన్నటి మరల అడుగు దాకా చేరక, చేరినది కాలక్రమంలో గట్టిపడి, కొత్తగా ఎక్కించేదానికి దారి మూసేస్తుంది. పొడిబారిన చోట నీరు చేరి ఉక్కు మరలు తుప్పు పడతాయి. కంచు అరిగితే వదులు కనిపిస్తుంది, కాని తుప్పు తిన్న నిలువు కడ్డీ ముందుగా ఏమీ చెప్పకుండా మరల దగ్గర విరుగుతుంది, చక్రం కారు కిందకు మడుచుకుపోతుంది. కొన్న కారుకు గతంలో ఏం పోశారో తెలియనప్పుడు తప్పకుండా విప్పి, మరలను శుభ్రం చేసి, గుంటలు పడ్డాయేమో వెలుగులో చూడండి. గుంటలు ఉంటే ఆ కడ్డీని మార్చాల్సిందే. కుడి ఎడమ భాగాల మరలు ఎదురు దిక్కుల్లో ఉంటాయి కాబట్టి విప్పగానే గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: భాగాలన్నీ శుభ్రం చేశాను. వాటికి పౌడర్ కోటింగు, బోల్టులకు జింకు పూత వేయించాలనుకుంటున్నాను. కట్టేశాక చక్రాల అలైన్‌మెంటును ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

సమాధానం: పౌడర్ కోటింగు చూడడానికి బాగుంటుంది గాని ఇక్కడ నేను దానిని సిఫారసు చేయను. పూత మందంగా ఉంటుంది; బోల్టు తలా వాషరూ కూర్చునే చోట అది ఉండిపోతే క్రమంగా నలిగి బిగింపు వదులవుతుంది, భవిష్యత్తులో పగులు వస్తే దానిని కప్పేస్తుంది. మంచి ప్రైమరు మీద రెండు పూతల మామూలు రంగు మీ చేత్తో వేస్తే చవక, గీత పడినా మళ్లీ వేసుకోవచ్చు.

బోల్టుల విషయం ఇంకా గంభీరమైనది. అధిక బలం గల ఉక్కును ఆమ్లంలో ముంచినా, విద్యుత్ పద్ధతిలో పూత వేసినా హైడ్రోజన్ లోహంలోకి చేరి దానిని పెళుసు చేయగలదు, అలాంటి బోల్టు బిగించిన కొన్ని గంటలకో రోజులకో హఠాత్తుగా తెగుతుంది. స్ప్రింగులకూ ఇదే ప్రమాదం ఉంది కాబట్టి వాటి తుప్పును ఆమ్లంతో తీయకండి. సస్పెన్షన్ బోల్టులు పాడైతే అదే బలం గుర్తు ఉన్న కొత్తవి కొనండి. పాత బ్రిటిష్ కార్లలో చాలా చోట్ల అంగుళాల కొలత యు.ఎన్.ఎఫ్. (ఒక సన్న మరల ప్రమాణం) మరలు ఉంటాయి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, చూపుకు 8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టుకూ దానికీ తేడా తెలియదు. మరల మధ్య దూరం మాత్రం యు.ఎన్.ఎఫ్.కు 1.06, మెట్రిక్‌కు 1.25 మిల్లీమీటర్లు. రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుంటే బలవంతం చేయకుండా తీసి చూడండి. మెట్రిక్ బోల్టు తల మీద 8.8, 10.9 వంటి అంకెలు బలాన్ని తెలుపుతాయి. ఏ గుర్తూ లేని బోల్టుకు ఇక్కడ చోటు లేదు.

అలైన్‌మెంటులో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే తీరు) ఒక్కటి ఇంట్లో బాగా కుదురుతుంది. కారును జాకీ నుంచి దించాక టైర్లు పక్కకు లాగి పట్టుకుని ఉంటాయి, అందువల్ల నాలుగైదు మీటర్లు ముందుకు తోసి, వెనక్కి తీయకుండా అక్కడే ఆపాలి. స్టీరింగు తిన్నగా ఉంచి, రెండు ముందు రిమ్‌ల లోపలి అంచుల మధ్య దూరాన్ని ఇరుసు ఎత్తులో ముందు వైపు కొలిచి, కొలిచిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. చక్రం సరిగ్గా అర చుట్టు తిరిగేలా కారును ముందుకు తోసి, అవే గుర్తులు వెనుక వైపుకు వచ్చాక మళ్లీ కొలవండి. ఒకే బిందువులను రెండుసార్లు కొలవడం వల్ల రిమ్‌లో కొద్దిపాటి వంకర ఉన్నా లెక్క చెడదు. ముందు కొలత తక్కువైతే టైర్లు లోపలికి చూస్తున్నట్టు, ఎం.జి.బి. వంటి కారుకు ఆ తేడా 1.5 నుంచి 2.3 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, మీ కారుకు దాని మాన్యువల్‌లోని అంకె తీసుకోండి. సరిచేసేటప్పుడు రెండు టై రాడ్లనూ సమానంగా తిప్పాలి, లేకపోతే స్టీరింగు చక్రం వంకరగా నిలుస్తుంది.

క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి ఒరిగిన కోణం) చూడడానికి తూకపు దారం చాలు. చదునైన నేల మీద దారాన్ని రిమ్ పక్కన వేలాడదీసి, పై అంచుకూ కింది అంచుకూ దూరాలలో తేడా కొలవండి. అంచుల మధ్య ఎత్తు 350 మిల్లీమీటర్లు ఉంటే 6 మిల్లీమీటర్ల తేడా సుమారు ఒక డిగ్రీ. రెండు చక్రాల మధ్య ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా వస్తే ఎక్కడో ఒక ఆర్మ్ వంగిందనో, బుష్ సరిగా కూర్చోలేదనో అనుమానించాలి. క్యాస్టర్‌ను (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే నిలువు అక్షం ముందుకో వెనక్కో వాలిన కోణాన్ని) కొలవడానికి మాత్రం తగిన పరికరం ఉన్నచోటికి ఒకసారి వెళ్లిరండి. వెళ్లే ముందు వంద కిలోమీటర్లు నడిపి, బుష్‌లు సర్దుకున్నాక బోల్టులన్నింటినీ టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) మరోసారి చూసుకుని, టో మళ్లీ కొలిచి అంకెలు రాసుకుని వెళ్లండి. వారి కొలత మీ కొలతతో కలిస్తే, ఇకపై టో కోసం అక్కడికి వెళ్లవలసిన అవసరం ఉండదు.